మెరుపు మాటున లోహం

గడ్డం గీసుకొనే రేజరు చాలా చిన్న పరికరం. రోజుకు పది నిమిషాలకు మించి దానితో పని ఉండదు. కాని ఆ కొద్దిపాటి సమయంలోనే అది వేడినీటిని, సబ్బునురుగును, చెమటలోని ఉప్పును ఎదుర్కొంటుంది. మిగిలిన కాలమంతా స్నానాలగదిలోని తేమలో పడి ఉంటుంది. ఇవన్నీ లోహానికి శత్రువులే. అంగడిలో ఒకే తీరుగా మెరిసే రేజర్లలో కొన్ని రెండు మూడేళ్లకే పొక్కులెక్కి పాడవుతాయి. మరికొన్ని తాత వాడినవి మనుమడి చేతికి అందుతాయి. ఈ భేదానికి కారణం మెరుపు మాటున దాగి ఉన్న లోహమే.

పూర్వం క్షవరానికి మంగలికత్తియే ఆధారం. దానికి తరచుగా పదును పెట్టాలి. చేయి ఏమాత్రం తొణికినా చర్మం తెగుతుంది. అమెరికాకు చెందిన కింగ్ క్యాంప్ జిలెట్ పలుచని ఉక్కు రేకును రెండు పలకల మధ్య బిగించి, దాని అంచు మాత్రమే కొద్దిగా వెలికి వచ్చే ఏర్పాటును రూపొందించాడు. అంత పలుచని రేకుకు పదును నిలిపే విధానాన్ని విలియం నికర్సన్ అనే ఇంజనీరు సాధించాడు. అమ్మకాలు మొదలైన 1903లో 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే అమ్ముడైనవి. 1904లో ఆ నిర్మాణానికి పేటెంటు లభించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనికులకు ఈ రేజర్లను అందజేయడంతో వాటి వాడకం విస్తృతమైంది.

వెంట్రుకలను కోసేది బ్లేడే గాని రేజరు కాదు. బ్లేడును కదలకుండా పట్టి ఉంచడం, చర్మానికి తగిన కోణంలో నిలపడం రేజరు ధర్మాలు. కాబట్టి దాని లోహానికి మూడు గుణాలు అవసరం. మలచడానికి అనువుగా ఉండాలి. తేమకు చెడిపోకూడదు. చేతికి తగిన బరువు కలిగి ఉండాలి.

తొలినాటి జిలెట్ రేజర్లు ఇత్తడితో తయారైనవి. వాటిపై వెండి పూతనో బంగారు పూతనో వేసేవారు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. ఇది యంత్రాలపై సులభంగా చెక్కుడు పడుతుంది. ఇనుము వలె తుప్పు పట్టదు. పూత అరిగిపోతే గాలి తగిలి రంగు మారుతుంది, చిలుము పడుతుంది. అయినా లోపలి లోహం గట్టిగానే ఉంటుంది గనుక రుద్ది మెరుగు పెట్టవచ్చు, తిరిగి పూత వేయించవచ్చు.

నేడు చౌకగా దొరికే రేజర్లలో చాలావరకు జింకు మిశ్రమంతో పోతపోసినవి. జింకుకు సుమారు నాలుగు శాతం అల్యూమినియం కలిపిన ఈ మిశ్రమాన్ని జమాక్ అంటారు. ఇది దాదాపు 380 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. అందువల్ల ఉక్కు అచ్చులలో వేగంగా, తక్కువ ఖర్చుతో పోతపోయవచ్చు. దానిపై నికెలు, క్రోమియం పూతలు వేస్తే అద్దంలా మెరుస్తుంది. అసలు చిక్కు ఆ పూతకు గీత పడినప్పుడు ప్రారంభమవుతుంది. జింకుకు నికెలు కంటే చర్యాశీలత ఎక్కువ. గీతలోకి నీరు చేరగానే నికెలు నిలిచి ఉంటుంది, దాని కింది జింకు క్షయమవుతుంది. పూత పొక్కులుగా లేచి రాలిపోతుంది. మరచుట్ల వద్ద లోహం బలహీనపడి విరిగితే అతకడం కూడా కష్టమే. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెత ఇటువంటి వస్తువులకు చక్కగా వర్తిస్తుంది.

విచిత్రమేమంటే, ఇదే గుణం మరొకచోట మేలు చేస్తుంది. ఇంటిపై కప్పే ఇనుప రేకులకు జింకు పూత వేస్తారు. అక్కడ గీత పడితే జింకు తాను క్షయమై లోపలి ఇనుమును కాపాడుతుంది. కవచంగా ఉన్నప్పుడు త్యాగమైన గుణం, శరీరంగా ఉన్నప్పుడు లోపమైంది. లోహానికి మంచి చెడులు అది నిలిచిన స్థానాన్ని బట్టి ఏర్పడతాయి.

తుప్పు పట్టని ఉక్కుకు పూతతో పని లేదు. అందులోని క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పలుచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర తనంతట తానే మళ్లీ ఏర్పడుతుంది. అయితే ఉక్కులన్నీ ఒకటి కావు. బ్లేడు ఉక్కులో పదును కోసం కార్బను ఎక్కువగా ఉంటుంది. రేజరు ఉక్కులో కార్బను తక్కువ. ఉప్పును తట్టుకోవడానికి మేలురకంలో మాలిబ్డినం కూడా కలుపుతారు. ఈ ఉక్కును చెక్కడం శ్రమతో కూడిన పని కనుక ధర పెరుగుతుంది.

అల్యూమినియం తేలికైనది, చౌకైనది. దానిపై గట్టి ఆక్సైడు పొరను కృత్రిమంగా పెంచి వాడతారు. కాని ఘాటైన క్షారద్రవాలతో కడిగితే ఆ పొర కరిగిపోతుంది. టైటానియం ఉప్పునీటికి కూడా లొంగదు. శరీరానికి హాని చేయదు గనుకనే ఎముకల చికిత్సలో దానిని వాడుతున్నారు. కాని దానిని ఖనిజం నుండి వేరుచేయడం, చెక్కడం రెండూ ఖర్చుతో కూడినవే.

ఇక బరువు. పది ఘనపు సెంటీమీటర్ల లోహంతో రేజరు చేస్తే అల్యూమినియంతో 27 గ్రాములు, టైటానియంతో 45, జమాక్‌తో 66, ఉక్కుతో 79, ఇత్తడితో సుమారు 85 గ్రాములు తూగుతుంది. బరువైన రేజరును అదిమి పట్టనవసరం లేదు, దాని బరువే పని చేస్తుంది. తేలికైన దానికి చేతి నేర్పు కావాలి.

కొద్దిపాటి సొమ్ముతో అవసరం తీర్చే జమాక్‌ను తీసిపారవేయనక్కరలేదు. వాడిన పిమ్మట కడిగి, తుడిచి, ఆరబెడితే అదీ చాలాకాలం మన్నుతుంది. కాని పూత లేచిన రేజరును మాత్రం ముఖానికి తగలనీయరాదు. నికెలు తగిలితే కొందరి చర్మానికి దురద కలుగుతుంది కూడా. కొనేవాడు వస్తువు మెరుపును చూసి తృప్తిపడక, ఆ మెరుపు పూతదా, లోహానిదా అని అడగడం నేర్చుకోవాలి. ఆ ఒక్క ప్రశ్న రేజరు వద్దనే కాక గిన్నెలు, కుళాయిలు, తలుపు గడియలు కొనేటప్పుడు కూడా అక్కరకు వస్తుంది.