పునర్జన్మ పొందిన షంటింగు ఇంజనుకు పని యెక్కడ?

తుప్పుపట్టి మూలబడిన పాత ఆవిరియింజనును వెలికితీసి మరల నడిపించుట మిక్కిలి శ్రమతో గూడిన పని. ఒక్కొక్కప్పుడు దానికి పది పదునైదు సంవత్సరములు పట్టుచున్నది. గొట్టములు మార్చవలెను, రేకులు కొలువవలెను, బేరింగులు పోయవలెను, దొరకని భాగములను అచ్చుపోసి చేయించుకొనవలెను. తుదకు ఒక శుభదినమున నిప్పు రాజును, ఆవిరి పుట్టును, కూత వినబడును. చూడవచ్చినవారు చప్పట్లు కొట్టి ఇండ్లకు పోవుదురు. అచ్చట మొదలగు రెండవ కష్టమును గూర్చి చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. ఇంజను సిద్ధమైనది, ఇక అది ఎచ్చట నడువవలెను? ఎవరి బండిని లాగవలెను? అది షంటింగు ఇంజనైనచో ఈ ప్రశ్న మరింత చిక్కైనది.

ఆవిరిబండ్ల తుది దినములను బాల్యమున చూచిన మావంటివారికి షంటింగు ఇంజను కొత్తది కాదు. మెయిలుబండికి కట్టిన పెద్ద యింజనును చూచుటకు ప్లాట్‌ఫారమునకు పరుగెత్తెడివారము. కాని రాత్రి పడుకొన్న పిమ్మట మా చెవిని బడుచుండినది యార్డులోని చిన్నయింజను చప్పుడే. కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు, ఒక పొట్టి కూత, వాగనులు ఒకదానినొకటి తాకిన ధ్వని, మరల నిశ్శబ్దము. పెద్ద యింజను ఊరు దాటి పోవును. చిన్నయింజను ఊరిలోనే యుండి, వచ్చిన వాగనులను విడదీసి, పోవలసిన వాగనులను కూర్చి, తెల్లవారులు పాటుపడును. ఆ పనియే దాని శరీరనిర్మాణమును నిర్ణయించినది.

ఇంజనులను చక్రముల లెక్కనుబట్టి వర్గీకరించు పద్ధతిని అమెరికాలో ఫ్రెడరిక్ వైట్ అను ఇంజనీరు 1900 ప్రాంతమున ప్రచారములోనికి తెచ్చెను. మొదటి అంకె దారిచూపు ముందుచక్రములను, రెండవది బండిని లాగు చోదకచక్రములను, మూడవది వెనుక ఆధారముగా నుండు చక్రములను తెలుపును. షంటింగు ఇంజను సాధారణముగా 0-6-0 గాని, 0-4-0 గాని అయి యుండును. అనగా ముందుచక్రములు లేవు, వెనుకచక్రములు లేవు. ఇంజను బరువంతయు చోదకచక్రములమీదనే. అందుచేత పట్టాలపై దానికి పట్టు మెండు. చక్రములు చిన్నవి గనుక నిలిచియున్న బరువైన వాగనుల వరుసను కదలించుట సులభము. చక్రముల నడిమి దూరము తక్కువ గనుక కర్మాగారముల మలుపులలో అది ఒదిగి తిరుగగలదు.

యార్డులో గుణములైనవే ప్రధానమార్గమున దోషములగుచున్నవి. ముందుచక్రములు లేని యింజను వేగము హెచ్చినకొలది అటునిటు ఊగును. చక్రము చిన్నదైనచో అదే దూరమునకు ఎక్కువసార్లు తిరుగవలెను, పిస్టనులు అంత తరచుగా ఆడవలెను, బేరింగులు వేడెక్కును. నీటికి, బొగ్గుకు చోటు కొద్ది. కావుననే ప్రధానమార్గముపై ప్రయాణికుల ప్రత్యేకబండిని నడుపువారు దీనిని కోరరు. పునరుద్ధరించినవాని యొద్ద పట్టాలు లేవు. పట్టాలున్నవానికి ఈ యింజను అవసరము లేదు. చిక్కంతయు ఇదియే.

ఊరక నిలిపి యుంచిన నష్టమేమి యని ఎవరైన అడుగవచ్చును. నష్టము కలదు. అమెరికాలో 1995 జూను నెలలో పెన్సిల్వేనియా రాష్ట్రపు గెటిస్‌బర్గు సమీపమున యాత్రికుల బండిని లాగుచున్న ఒక ఆవిరియింజను బాయిలరులో నీరు తగ్గి, నిప్పుగూటి పైరేకు విఫలమై, ముగ్గురు సిబ్బంది కాలిన గాయముల పాలైరి. ఆ ప్రమాదవిచారణ అనంతరము ఆవిరియింజనుల తనిఖీ నిబంధనలను ఆ దేశపు కేంద్రప్రభుత్వము సవరించి 1999లో ప్రకటించెను. వాని ప్రకారము, నిప్పు వెలిగి బాయిలరులో ఆవిరిపీడనము కలిగిన ప్రతి దినమును ఒక సేవాదినముగా లెక్కింతురు. అట్టి 1,472 సేవాదినములు గాని, 15 సంవత్సరములు గాని, ఏది ముందుగా పూర్తియైనను బాయిలరును విప్పి, గొట్టములు తీసి, లోపల సమగ్రముగా పరీక్షింపవలెను. ఇది దాదాపు మరల పునరుద్ధరణయే.

ఈ లెక్కను ఒకసారి గమనింపుడు. 1,472 దినములను 15 సంవత్సరములకు పంచినచో ఏడాదికి సుమారు 98 దినములు. ఏటికి పది దినములు మాత్రమే నడచిన యింజను పదునైదేండ్లలో 150 దినములు నడచును. అనగా ఎంతో వ్యయముతో సంపాదించిన ఆయువులో పదింట ఒక వంతు మాత్రమే వినియోగమై, తక్కిన తొమ్మిది వంతులు షెడ్డులోనే కరగిపోవును. ఇంగ్లండులో సాధారణముగా బాయిలరు గడువు పది సంవత్సరములు మాత్రమే. పునరుద్ధరణ జరిగిన నాటినుండియే ఈ గడియారము నడచుచుండును. ఇంజను నడచినను నడువకున్నను అది ఆగదు. అందుచేత షంటింగు ఇంజను యజమానికి పని వెదకుట వేడుక కాదు, అవసరము.

ఈ అవసరమును కొందరు ఏవిధముగా తీర్చుకొనిరో చూతము.

మొదటి మార్గము, ఇంజనును దాని సహజస్థానమైన యార్డులోనే నడుపుట. పెన్సిల్వేనియాలోని స్క్రాంటను పట్టణమున పాత రైల్వేయార్డులో స్టీమ్‌టౌన్ అను జాతీయ చారిత్రకస్థలము కలదు. అచ్చట 26వ నంబరు ఇంజను ఒకటి యున్నది. దానిని 1929లో బాల్డ్విన్ కర్మాగారము తన ఎడిస్టను ఆవరణములోనే షంటింగు చేసికొనుటకై నిర్మించుకొనెను. 1948లో అది ఒహాయో రాష్ట్రపు జాక్సను పట్టణమందలి ఇనుము ఉక్కు కర్మాగారమునకు పోయినది. పలుసంవత్సరముల పునరుద్ధరణ తరువాత 2016లో స్టీమ్‌టౌనులో మరల పనిలోనికి వచ్చినది. దానిచేత చేయించిన పని యార్డులోపలి చిన్న ప్రయాణము. సందర్శకులు బండి యెక్కి, కొలదిదూరము పోయి, తిరిగి వత్తురు. వేగము అక్కరలేదు, దూరము అక్కరలేదు. ఇంజను తాను పుట్టిన పనికి దగ్గరగానే యున్నది.

రెండవ మార్గము సంచారము. ఇంజను చిన్నదగుట ఇచ్చట లాభము. విల్క్స్‌బారి పట్టణమున వల్కన్ ఇనుపకర్మాగారమున 1930లో నిర్మితమైన 75వ నంబరు ఇంజను నాలుగు చక్రముల చిన్నది. బాయిలరుపై జీనువలె నీటితొట్టి కూర్చున్నది. పెన్సిల్వేనియాలో ఒక బొగ్గు కంపెనీ కొలువుచేసి మూలబడిన దానిని ఇండియానా రాష్ట్రమునకు చెందిన ఒక కుటుంబము బాగుచేయగా, 2001లో మరల ఆవిరి పట్టినది. వారు దానిని లారీ ట్రెయిలరుపై నెక్కించి పలు రైల్వేమ్యూజియములకు తీసికొనిపోయిరి. సొంత ఆవిరియింజను లేని చిన్న మ్యూజియమునకు రెండు మూడు దినములు ఆవిరి లభించును; ఇంజనుకు సేవాదినములు లభించును. పెద్ద యింజనుకు ఈ వెసులుబాటు లేదు. దానిని కదలింపవలెనన్న క్రేనులు, మార్గానుమతులు, అపారమైన వ్యయము అవసరమగును.

మూడవ మార్గము వేషము. న్యూయార్కు నగరపు బ్రూక్లిను ఓడరేవు ప్రాంతమున ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ టెర్మినల్ అను చిన్న రైల్వే 1963 వరకు ఆవిరి షంటింగు ఇంజనులతో పనిచేసెను. వానిలో 15వ నంబరు ఇంజనును 1917లో పోర్టర్ కంపెనీ నిర్మించెను. 1998లో పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గు రైల్వే దానిని కొని, నీలిరంగు వేసి, ముందు నవ్వుమొగము తగిలించి, 'థామస్' అను పిల్లల కథలలోని ఇంజనుగా మార్చినది. ఇంగ్లండు మతాచార్యుడు ఆడ్రీ 1940ల నడుమ వ్రాసిన కథలలోని పాత్ర యది. దానిని చూచుటకు పిల్లలు తల్లిదండ్రులను లాగుకొని వచ్చిరి. చరిత్రప్రియులలో కొందరికిది రుచింపలేదు. శతాబ్దపు చరిత్రగల యంత్రమునకు బొమ్మమొగమేమిటని వారి యాక్షేపణ. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని మొగమును తీసివేయవచ్చును. తుక్కుక్రింద కోసిన యింజనును తిరిగి తేలేము. పైగా ఆ పిల్లలలో ఒక్కరైన పెరిగి ఫైర్‌మన్ పని నేర్చుకొనినచో వేషము వ్యర్థము కాలేదనియే మా అభిప్రాయము.

నాలుగవ మార్గము ఇంగ్లండులో చక్కగా కానవచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికావసరములకై హన్స్‌లెట్ కంపెనీ రూపొందించిన 'ఆస్టెరిటీ' ఇంజనులు 1943 నుండి వెలువడినవి. 1964 వరకు 480కి పైగా నిర్మించిరి. యుద్ధానంతరము వానిలో పెక్కు బొగ్గుగనులలో షంటింగు చేసినవి. గనులలో ఆవిరి అంతరించినప్పుడు స్వచ్ఛందసేవకులు నడుపు పరిరక్షిత రైల్వేలు వానిని చవకగా కొని, తొలినాళ్లలో ప్రయాణికుల బండ్లకు కట్టినవి. అట్టి మార్గములలో వేగపరిమితి సాధారణముగా గంటకు 25 మైళ్లు గనుక అవి నెగ్గుకొనివచ్చినవి. కాని కాలక్రమమున మార్గములు పొడుగైనవి, పెట్టెలు హెచ్చినవి, పెద్ద యింజనులు బాగుపడినవి. చిన్నవి మరల సైడింగులలో నిలిచినవి. ఒకప్పుడు ఆ రైల్వేలను నిలబెట్టినవే తరువాత వానికి అక్కరలేనివైనవి.

ఇందుకు భిన్నముగా ఇంజనునుబట్టి బండిని కూర్చుకొన్న రైల్వేలు కొన్ని కలవు. ఈశాన్య ఇంగ్లండులోని టాన్‌ఫీల్డు రైల్వే 1725 నాటి బొగ్గుబండ్ల బాటను అనుసరించి యున్నది. అచ్చట గనుల చిన్నయింజనులకే ప్రాధాన్యము. వాని వెనుక తేలికయైన పాత పెట్టెలు కట్టుదురు. లీడ్సు నగరమందలి మిడిల్టను రైల్వేకు 1758లోనే పార్లమెంటు చట్టమున్నది. 1960లో స్వచ్ఛందసేవకులు దానిని చేపట్టిరి. ఆ ఊరి కర్మాగారములలో పుట్టిన చిన్నయింజనులు ఆ ఊరి పట్టాలపైననే నడచుచున్నవి. స్టాఫర్డుషైరులోని ఫాక్స్‌ఫీల్డు రైల్వే ఒక బొగ్గుగని మార్గము. అందు 19 అడుగులకు ఒక అడుగు లేచు ఎత్తు కలదు. ఉత్సవదినములలో చిన్నయింజనులు వాగనులను ఆ యెత్తుపైకి లాగుచుండగా జనులు గట్టుపై నిలిచి చూతురు. ప్రయాణికులను మోయకయే ఇంజను ఆదాయము తెచ్చుచున్నది; దాని నిజమైన పనియే ప్రదర్శనమైనది.

ఇవిగాక చిన్న చిన్న అవకాశములు మరికొన్ని కలవు. రుసుము తీసికొని, అనుభవజ్ఞుని పర్యవేక్షణలో సందర్శకులచేతనే ఇంజను నడిపించుట ఒకటి. అమెరికాలో నెవాడా రాష్ట్రపు ఈలీ పట్టణమున ఈ పద్ధతి కలదు. షంటింగు ఇంజను దీనికి మిక్కిలి అనువైనది; నెమ్మదిగా ముందుకు వెనుకకు పోవుటయే దాని స్వభావము గదా! ఛాయాచిత్రకారులు కలసి చందా వేసికొని ఒక దినము ఇంజనును కుదుర్చుకొనుట మరియొకటి. అన్నిటికంటె ముఖ్యమైనది శిక్షణ. నిప్పు ఎట్లు పరవవలెను, నీరు ఎప్పుడు ఎక్కింపవలెను, బ్రేకు ఎంత ముందుగా వేయవలెను, ఇవి పుస్తకము చదివి నేర్చుకొను విద్యలు కావు. గెటిస్‌బర్గు ప్రమాదము నీటిమట్టము యొక్క విలువను తెలిపినది. పెద్ద బండిమీద కూర్చుండబెట్టకముందు కొత్తవారికి ఆ విద్య నేర్పుటకు యార్డులోని చిన్నయింజనుకంటె మంచి బడి లేదు.

ఇబ్బందులను దాచుట తగదు. నిప్పు వెలిగించిన పిమ్మట ఆవిరి లేచుటకు గంటలు పట్టును. రెండు మైళ్ల ప్రయాణమునకైనను ఆ శ్రమ తప్పదు. బీమా కావలెను. బొగ్గు దుర్లభమగుచున్నది. బ్రిటనులో చివరి లోతుగని 2015లో మూతపడినది. వేల్సులోని ఫాస్-ఇ-ఫ్రాన్ ఉపరితలగని 2023లో ఆగినది. పరిరక్షిత రైల్వేలు విదేశపు బొగ్గుపై ఆధారపడవలసి వచ్చినది. అంతేకాక, నడచిన ప్రతి దినము పాతలోహము కొంత అరుగును. అరిగినచోట కొత్తలోహము చేరును. కొంతకాలమునకు అసలుయంత్రమెంత మిగులునను ప్రశ్న సమంజసమైనదే. ఆ వర్గమున మిగిలినది ఒక్కటియే అయినచో దానిని కదలింపక కాపాడుటే మేలు. పెక్కు మిగిలియున్నచో కొన్నిటినైన నడుపవలెను.

మన దేశమున బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరిబండ్ల రోజువారీ రాకపోకలు 1995లో ముగిసినవి. 1855లో లీడ్సు నగరమున పుట్టిన 'ఫెయిరీ క్వీన్' ఇంజను 1997లో మరల ప్రయాణికులను తీసికొని ఢిల్లీనుండి ఆల్వారుకు పోయినది. హర్యానాలోని రేవాడి షెడ్డు ఆవిరియింజనులకు నెలవైనది. కాని మనకు ఎక్కువగా కానవచ్చునవి స్టేషనుల యెదుట, కార్యాలయముల యెదుట రంగులు పూసి దిమ్మెలపై నిలిపిన యింజనులు. వానిలో ఒకదానిని బాగుచేయవలెనని ఎవరైన తలపెట్టినచో, బాయిలరును విప్పకముందే ఒక ప్రశ్న వేసికొనుట మంచిది: ఇది ఏ పట్టాలపై, ఏ పెట్టెలతో, ఏడాదికి ఎన్ని దినములు నడచును? దాని పక్కన నిలిచి పని నేర్చుకొనువారు ఎవరు? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మట మొదటి మర విప్పవచ్చును. అర మైలు పట్టాలు, రెండు పెట్టెలు, నేర్చుకొను కోరికగల నలుగురు యువకులు దొరకినచో షంటింగు ఇంజనుకు అది చాలును. అంతకు మించి అది ఎన్నడును కోరలేదు.