చేతులతో నేర్చుకునే చరిత్ర



చరిత్ర పాఠం అనగానే మీకేం గుర్తుకొస్తుంది? నాకైతే రాజుల పేర్లు, యుద్ధాలు, తేదీలు. పరీక్షకు ముందు రాత్రి కూర్చుని బట్టీ పట్టడం, మర్నాడు కాగితం మీద కక్కెయ్యడం, ఆ పైన మరిచిపోవడం. ఆ రాజుల కాలంలో అన్నం ఎవరు వండారో, బట్టలెవరు ఉతికారో ఏ పాఠంలోనూ చదివిన గుర్తు లేదు.

మా అక్క కూతురు ఇంగ్లండులో ఉంటోంది. ఎనిమిదేళ్ళ కొడుకు. ఆ మధ్య ఫోను చేసి, "పిన్నీ, రేపు వీడి బళ్ళో ట్యూడర్ రోజుట. పాతకాలపు వేషం వేసి పంపమన్నారు, ఇప్పటికిప్పుడు ఏం కుట్టను?" అని వాపోయింది. మర్నాడు సాయంత్రం పిల్లవాడే ఫోను అందుకున్నాడు. "చిన్నమ్మమ్మా, వెన్న తీశాం. చెయ్యి నొప్పి పుట్టింది గాని ఇంతే వచ్చింది. అప్పటి అమ్మలు రోజూ ఇలాగే చేసేవాళ్ళా?" అన్నాడు. నాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. అందుకే ఈ ప్రసంగం.

ట్యూడర్లంటే ఇంగ్లండును 1485 నుంచి 1603 దాకా ఏలిన వంశం. ఏడో హెన్రీతో మొదలై మొదటి ఎలిజబెత్ రాణితో ముగిసింది. ఆరుగురు భార్యల ఎనిమిదో హెన్రీ ఈ వంశంవాడే. 2014లో వచ్చిన అక్కడి పాఠ్యప్రణాళిక ప్రకారం ప్రాథమిక పాఠశాల పిల్లలు 1066 తర్వాతి తమ దేశ చరిత్రలో ఏదో ఒక అంశం చదవాలి. ట్యూడర్ల కాలాన్ని ఎంచుకునే బళ్ళు చాలానే ఉన్నాయి.

ఆ రోజున ఏం చేస్తారంటే, ఆ కాలపు దుస్తులు వేసుకున్న మనిషి బడికి వస్తారు. హాల్లో బల్లకొక పని చొప్పున సామాను సర్దుతారు. పిల్లలు జట్లు జట్లుగా ఒక్కో బల్ల దగ్గర కాసేపు పనిచేసి, తర్వాతి బల్లకు వెళ్తారు.

ఒక బల్ల మీద బాతు ఈక కలం, సిరా. ఆనాటి సిరా దేనితో చేసేవారో తెలుసా? మాచికాయ, అన్నభేది, జిగురు! చంటిపిల్లల మందుల డబ్బాలో మనం దాచుకునే మాచికాయ లాంటిదే. పక్కనే అక్షరాల పలక. చెక్క మీద అక్షరాల కాగితం అతికించి, మాసిపోకుండా పశువు కొమ్మును అద్దంలా పలచగా చీల్చి పైన కప్పేవారు.

ఇంకో బల్ల మీద నారింజపండు, లవంగాలు. పండుకు లవంగాలు గుచ్చి రిబ్బను కడతారు. చెడు గాలి వల్లే రోగాలు వస్తాయని అప్పటివాళ్ళ నమ్మకం. అందుకని ఉన్నవాళ్ళు సువాసన వస్తువులు వెంట ఉంచుకునేవారు. పేదవాళ్ళకు అంత ఖరీదైన లవంగాలు ఎక్కడివి?

మరో బల్ల మీద దీపం సంగతి. చెరువు గట్టున పెరిగే తుంగలాంటి గడ్డి తెచ్చి, పైతోలు ఒలిచి, లోపలి బెండును మాంసపు కొవ్వులో ముంచి ఆరబెట్టేవారు. అదే పేదింటి దీపం. ఒక్కటి కాసేపే వెలుగుతుంది. చలికాలం రాత్రులకు ఎన్ని చేసి పెట్టుకోవాలో లెక్క వేసుకోండి.

ఇక భోజనం. సామాన్యులది బార్లీయో ఓట్సో, బఠాణీలు, ఆకుకూరలు వేసి ఉడికించిన జావ, ముతక రొట్టె. బంగాళాదుంప ఆ శతాబ్దం చివరికి గాని ఆ దేశం చేరలేదు. మనకు మాత్రం మిరపకాయ ఎక్కడిది? పోర్చుగీసువాళ్ళు వచ్చాకనే గదా! మన మలబారు మిరియాలు మాత్రం అప్పటికే వాళ్ళ దాకా వెళ్ళాయి. 1545లో మునిగిపోయిన ఎనిమిదో హెన్రీ యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో పైకి తీశారు. అందులో చెక్క గిన్నెలు, తోలు చెప్పులు, పేల దువ్వెనలతో పాటు మిరియపు గింజలూ దొరికాయి.

ఇదంతా ఆటే గదా అని మీరనవచ్చు. నిజమే, అక్కడే ఒక చిక్కుంది. వేషం అనగానే ఆడపిల్లలందరూ రాణులుగా, మగపిల్లలందరూ ప్రభువులుగా వస్తారు. అందరూ రాణులైతే నీళ్ళెవరు మోస్తారు? అందుకే, తెలిసిన ఉపాధ్యాయులు సగం మందిని పనివాళ్ళను చేస్తారు. పిల్లలు వెన్న చిలికేది పావుగంట. ఆనాటి ఇల్లాలికి వెన్న అయ్యాక రొట్టె, రొట్టె అయ్యాక నూలు వడకడం, ఆపైన బూడిద నీళ్ళలో బట్టలు నానవేసి ఉతకడం. ఈ మాట చెప్పకపోతే పిల్లలకు పాతకాలం తిరునాళ్ళలా కనిపిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఎలిజబెత్ రాణి 1558 నుంచి నలభై నాలుగేళ్ళు ఆ దేశాన్ని ఏలింది. ఆవిడకు ఎన్నో భాషలు వచ్చు. కాని ఆవిడ రాజ్యంలోనే గ్రామర్ స్కూళ్ళు మగపిల్లలకు. ఆడపిల్లల చదువు చాలావరకు ఇంటిపనే. హాంప్టన్ కోర్టులో ఎనిమిదో హెన్రీ వంటశాలలు ఇప్పటికీ చూడవచ్చు. పూటకు వందలాది మందికి వండేవారట. అక్కడ జీతానికి వండినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఇంట్లో జీతం లేని వంట మాత్రం ఆడవాళ్ళది. కొలువు చేసినవాళ్ళకు లెక్కల పుస్తకంలో చోటు దొరికింది. ఇంట్లో వండినామె పేరు ఎక్కడా లేదు.

పేరు దొరకదు గాని, ఆమె పడ్డ కష్టం మా పిల్లవాడి చేతికి తెలిసింది. చదివింది మరిచిపోవచ్చు, నొప్పి పుట్టిన చెయ్యి అంత త్వరగా మరిచిపోదు. అలాంటి పాఠానికి పెద్ద ఖర్చు కూడా లేదు. సీసాలో కాస్త మీగడ పోసి పిల్లల చేతికిచ్చి కుదపమంటే చాలు.

ఈసారి మీ పిల్లలు చరిత్ర పుస్తకం తెరిచినప్పుడు పక్కన కూర్చుని, "ఆ ఊళ్ళో పొద్దున్నే పొయ్యి ఎవరు రాజేశారు?" అని అడిగి చూడండి. జవాబు పుస్తకంలో లేకపోతే వెతకమనండి.