బిడ్డను దాచుదమా? బాటను దిద్దుదమా?

తాతల కాలమున ఊరంతయు పిల్లలదే. మనుమల కాలమున గేటు లోపలి చోటు మాత్రమే వారిది. ఈ నడుమ మనము గెలిచిన దెంత, కోల్పోయిన దెంత?

డెబ్బది యేండ్లు దాటిన పెద్దల నెవరినైనను వారి బాల్యమును గూర్చి అడిగి చూడుడు. గోదావరి కాలువగట్టున పెరిగినవారైనను, తెలంగాణపు చెరువుకట్టపై పెరిగినవారైనను, వారు చెప్పునది దాదాపుగ ఒక్కటే: బడి విడిచినది మొదలు తామెచ్చట తిరుగుచున్నదియు ఇంటివారికి తెలియదు, తెలిసికొనవలెనన్న ఆరాటమును వారికి లేదు. మఱ్ఱిచెట్టుపై కోతికొమ్మచ్చి, వీధి నడుమ బిళ్లంగోడు, బడి వెనుక ఏడుపెంకులాట, వేసవిలో మామిడితోపులు. ఇంటివారు పెట్టిన నిబంధన యొక్కటే, దీపాలవేళకు ఇల్లు చేరవలెను. వారి మనుమలు నేడు హైదరాబాదులోనో విజయవాడలోనో పదవ అంతస్తునుండి లిఫ్టులో దిగి, గేటు ముందర ఆగిన పసుపుపచ్చ బస్సెక్కి, సాయంకాలము అదే బస్సు దిగి, మరల అదే లిఫ్టులో పైకి పోవుచున్నారు. వీధి అవతలి కిరాణా కొట్టుకు ఒంటరిగా పోయి పెరుగు పాకెట్టు తెచ్చుట పదేండ్ల బిడ్డకు నేడొక సాహసకృత్యము.

ఈ వ్యత్యాసమును చూచి ‘ఆ రోజులే వేరు’ అని నిట్టూర్చి ఊరకుండుట సులభము. కాని ఆ రోజులలో అమ్మవారు పోసి కన్ను పోయిన బిడ్డలును, కోరింతదగ్గుతో, అతిసారముతో కన్నుమూసిన బిడ్డలును, చుట్టుగోడ లేని దిగుడుబావిలో జారిపడిన బిడ్డలును ఊరూరను ఉండిరి. 1971లో మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది తొలి పుట్టినరోజు చూడకయే గతించిరి; 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. నలుగురైదుగురిని కని, ఇద్దరు దక్కిన చాలునని మ్రొక్కుకొన్న తల్లి నిబ్బరమును, ఒక్కగానొక్క బిడ్డను కన్న నేటి తల్లి భయమును ఒకే త్రాసున తూచరాదు.

ఆ స్వేచ్ఛ ఎవరిది?

మరియొక సత్యమును కూడ దాచరాదు. ఊరంతయు పిల్లలదే యన్నప్పుడు ఆ పిల్లలు ప్రధానముగ మగపిల్లలు. వారిలోను, పూట గడచు ఇండ్లలోని మగపిల్లలు. ఆడపిల్ల తొక్కుడుబిళ్లయు, అచ్చనగాయలును ఆడుకొనుట పెద్దమనిషి యగు దినము వరకే. ఆ పిమ్మట గడప దాటవలెనన్న నూరు ప్రశ్నలు. పదునాలుగేండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదని 1929లో శారదా చట్టము వచ్చినను, దానిని తప్పించుకొని జరిగిన పెండ్లిండ్లకు లెక్క లేదు. ఇక భూమిలేని కూలివాని కొడుకు ఎనిమిదవ యేటనే ఆసామి ఇంట జీతమునకు కుదిరి, తెల్లవారక మునుపే గొడ్లను తోలుకొని పోవుచుండెను. వాడును దినమెల్ల పొలముల వెంట తిరిగినవాడే. కాని ఆ తిరుగుట స్వేచ్ఛ కాదు. అట్టి పిల్లలను పనినుండి విడిపించి బడిలో చేర్చుటకు రంగారెడ్డి జిల్లా పల్లెలలో ఎం.వి. ఫౌండేషన్ 1990 దశకమున పూనుకొనినది. బడికి రాని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యన్న సూత్రముపై ఆ కృషిని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. కావున పాతకాలమును యథాతథముగ తిరిగి తెచ్చుకొనవలెనని ఎవరును కోరరాదు. కొందరికే దక్కిన ఆ విశాలతను అందరికి ఎట్లు కల్పింపగలమన్నదే ఆలోచింపవలసిన విషయము.

రక్షణకు రెండు మార్గములు

పిల్లలను కాపాడుటకు రెండు మార్గములు కలవు. అపాయమును బిడ్డ దారినుండి తొలగించుట మొదటిది. బిడ్డనే దారినుండి తొలగించుట రెండవది. టీకా మొదటి మార్గమునకు చెందినది: 1975 తరువాత మన దేశమున మశూచికము కానరాలేదు, 2014లో మనది పోలియో లేని దేశమని ధ్రువపరుపబడెను. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద, కాపలాలేని రైలుదారిని దాటుచున్న బడి బస్సును రైలు ఢీకొని పసివారు పలువురు ప్రాణములు కోల్పోయిరి. దేశమందలి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని అటువంటి చోటులన్నియు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. ఇట్టి పనుల వలన బిడ్డ తిరుగు మేర ఒక్క అడుగైనను తగ్గదు.

మన పల్లెలలో ఈత నేర్పిన తీరు కూడ ఇట్టిదే. బావిలోనికి దిగు పిల్లవాని వీపునకు ఎండిన బెండ్లను కట్టగా కట్టి, మామయో పెదనాన్నయో మెట్టుమీద నిలిచి, ‘కాళ్లాడించరా, నేనున్నానుగా’ అని నీటిలోనికి త్రోసెడివాడు. వాని చేతులు కుదురుకొన్న కొలది ఒక్కొక్క బెండును విప్పి, కడకు ఏ బెండును లేక బావి అడ్డముగ ఈదినప్పుడు వీపు తట్టి ఇంటికి పంపెడివాడు. ఆ పెద్దవాడు బావికి తాళము వేయలేదు, బిడ్డను గాలికి వదలివేయనూ లేదు. బిడ్డ బలము పెరుగుచున్న కొలది తన పట్టును సడలించుచు వచ్చెను.

నేటి నగరములలో మన మనుసరించునది రెండవ మార్గము. ఇది మనకే పరిమితము కాదు. ఇంగ్లండులో 1971లో ఏడెనిమిదేండ్ల పిల్లలలో నూటికి 80 మంది పెద్దల తోడు లేక బడికి పోవుచుండగా, 1990 నాటికి వారు 9 మందియే యని మేయర్ హిల్‌మన్, ఆయన సహచరులు తమ పరిశోధనలో తేల్చిరి. రోడ్లపై మరణించు పిల్లల సంఖ్య ఆ దేశమున తగ్గిన మాట నిజమే. కాని అది రోడ్లు నిరపాయములైనందున గాక, పిల్లలు రోడ్లను విడిచిపెట్టినందున జరిగినదని వారు వాదించిరి. మన వీధులును అట్లే అయినవి. అరుగులపై కూర్చున్న అవ్వలు, తాతలు ఎవరి పిల్లనైనను పేరుపెట్టి పిలిచి మందలించిన వీధిలో నేడు అరుగులు లేవు, కాలిబాట లేదు. ఉన్న కాస్త జాగాను మోటారు వాహనములు ఆక్రమించినవి.

మూసిన తలుపు ఆపలేనిది

పిల్లలపై లైంగిక నేరముల నరికట్టుటకు వచ్చిన పోక్సో చట్టము 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చినది. పూర్వము ఇట్టి ఘాతుకములు లేకపోలేదు. పరువు పోవునన్న భయముతో ఇంటిల్లిపాది నోరు మూసికొనిరి. ఈ కేసులలో నిందితులు అత్యధికముగ బిడ్డ యెరిగినవారే యని జాతీయ నేర గణాంకములు ఏటేటా చెప్పుచున్నవి. గేటు దగ్గరి కాపలావాడును, సీసీ కెమెరాయు ఆ కీడును ఆపలేరు. ‘నాకిది ఇష్టము లేదు’ అని చెప్పగల ధైర్యమును, చెప్పినప్పుడు నమ్మి వినెడి అమ్మయు ఉన్నగాని అది ఆగదు. ఆ ధైర్యమో, చిన్నచిన్న నిర్ణయములను తానై చేసికొని, పడి, లేచిన బిడ్డకే అబ్బును.

చేయవలసిన పనులు

తల్లిదండ్రులను పిరికివారని నిందించుట అన్యాయము. లారీలు దూసుకొనిపోవు రోడ్డు మీదికి కన్నబిడ్డను ఏ తల్లి పంపును? దారిని దిద్దవలసినది సమాజము. ఎండిపోయిన బోరుబావులను మూసివేయవలెనని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించినది. కేసింగు పైపునకు బిగించు ఇనుప మూత వెల బిడ్డ ప్రాణముకంటె ఎక్కువ కాదు. ఆటస్థలము ఉండి తీరవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము విధించినను, నాలుగంతస్తుల అద్దె భవనములలో నడచు బడులు మన పట్టణములలో ఎన్ని లేవు? విశాఖ బీచి రోడ్డును ప్రాతఃకాలమున నడచువారికై వాహనములకు మూసివేయుచున్నప్పుడు, ప్రతి పేటలోను ఒక వీధిని సాయంకాలము ఒక్క గంట పిల్లల కప్పగించుట అసాధ్యమగునా? 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లకై ధనమిచ్చినప్పుడు, గుంపుగా సాగిన బాలికలు ఒకరికొకరు రక్షయై, హైస్కూలు మెట్లెక్కినవారి సంఖ్య పెరిగినది. స్వేచ్ఛయు, రక్షణయు పరస్పర విరుద్ధములు కావనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఆడుకొనుట బిడ్డ హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చాటినది. 1992లో మన దేశమును అందు చేరినది. పదేండ్ల బాలిక ఒంటరిగా నడచి బడికి పోయి రాగల వీధి వృద్ధులకును, దివ్యాంగులకును, చీకటిపడి పనినుండి మరలు స్త్రీలకును క్షేమమైన వీధియే యగును. ఓట్ల కొరకు మన గుమ్మము తొక్కు ప్రతి అభ్యర్థిని, అట్టి వీధిని మా పేటకు ఎప్పటికి ఇత్తువని అడుగుట నేటి తల్లిదండ్రుల తొలి కర్తవ్యము.