సిమ్ రేసింగ్: ముందుగా దేనిపై ఖర్చు పెట్టాలి?
పుదుచ్చేరి: హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. చెన్నై ఐలాండ్ మైదానం చుట్టూ 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఫ్లడ్‌లైట్ల వెలుగులో ఫార్ములా 4 పోటీలు జరిగాయి. వాటిని చూసినవారిలో కొందరికైనా తామూ నడపాలనే కోరిక కలగడం సహజం. పుదుచ్చేరి వాసులకు దగ్గరలోని శాశ్వత రేస్ ట్రాక్ చెన్నై శివార్లలోని ఇరుంగట్టుకోట్టైలో ఉంది. అక్కడికి చేరుకోవడం కష్టం కాదు. కారు, టైర్లు, శిక్షణ, లైసెన్సుల ఖర్చును భరించడమే మధ్యతరగతికి అసాధ్యం. ఆ ఖర్చులో చిన్న భాగంతో ఇంట్లోనే సాధన చేసే మార్గం సిమ్యులేటర్ రేసింగ్, వాడుకలో సిమ్ రేసింగ్. ఇదీ చౌక వ్యవహారమేమీ కాదు. సొమ్ము ఏ భాగంపై ఎంత వెచ్చించాలో తెలియకపోతే అనవసరపు వస్తువులే ఇంటికి చేరుతాయి.

దుకాణాల్లోనూ ప్రకటనల్లోనూ ముందుగా కంటికి కనిపించేది స్టీరింగ్. దానిలోని మోటారు బలాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఒక మీటరు పొడవైన కర్ర చివర 100 గ్రాముల బరువు వేలాడదీస్తే రెండో చివర పట్టుకున్న చేతికి తెలిసే మెలి దాదాపు 1 న్యూటన్ మీటరు. విరివిగా అమ్ముడయ్యే లాజిటెక్ జీ29లో ఇది 2కు కాస్త ఎక్కువ. మోజా ఆర్5లో 5.5. ఫనాటెక్ సీఎస్ఎల్ డీడీలో 5. పెద్ద విద్యుత్ అడాప్టర్ జోడిస్తే 8. అంకె పెరిగేకొద్దీ టైరు పట్టు జారుతున్న సంగతి చేతికి స్పష్టంగా అందుతుందన్నది నిజమే. అయితే కొత్తగా నేర్చుకునేవారు ల్యాప్‌లో సమయాన్ని పోగొట్టుకునేది ప్రధానంగా బ్రేకు దగ్గర.

దీనికి కారణం కాలి స్వభావంలోనే ఉంది. రేసు కారులో బ్రేకు పెడల్ పెద్దగా కదలదు. ఎంత బలంగా తొక్కితే అంతగా పనిచేస్తుంది. పాదం ఎంత దూరం కదిలిందో గుర్తుపెట్టుకోవడం కంటే ఎంత ఒత్తిడి పెట్టామో గుర్తుపెట్టుకోవడం కాలికి సులువు. చౌక పెడల్స్ మాత్రం దూరాన్నే కొలుస్తాయి. ఒత్తిడిని కొలవాలంటే లోడ్ సెల్ అవసరం. ఇదేదో అపురూప పరికరం కాదు. చేపల మార్కెట్లో తూకం వేసే ఎలక్ట్రానిక్ కాటాలో ఉండేదీ ఇదే. మలుపులోకి వెళుతూ బ్రేకును క్రమంగా వదలడం ఈ క్రీడలో కీలకమైన నైపుణ్యం. లోడ్ సెల్ ఉన్న పెడల్‌పై అది త్వరగా పట్టుబడుతుంది. అందుకే 8 న్యూటన్ మీటర్ల స్టీరింగ్‌తో మామూలు పెడల్స్ కంటే, 5 న్యూటన్ మీటర్ల స్టీరింగ్‌తో లోడ్ సెల్ బ్రేకు మేలైన కొనుగోలు.

10 వేల రూపాయల లోపు అయితే స్టీరింగ్ ఆలోచనే వద్దు. ఆ ధరలో దొరికే వాటిలో చాలావరకు చేతికి ప్రతిస్పందన ఇవ్వనివే. ఆటబొమ్మలకు కాస్త పైస్థాయి. ఉన్న కంప్యూటరుకు మంచి గేమ్‌ప్యాడ్ కొని, 2014లో వచ్చిన అసెట్టో కోర్సా వంటి ఆటతో రెండు నెలలు గడిపితే ఆసక్తి నిలుస్తుందో లేదో తేలిపోతుంది.

సుమారు 25 వేల నుంచి 40 వేల రూపాయల మధ్య లాజిటెక్ జీ29, జీ923, థ్రస్ట్‌మాస్టర్ టీ128 వంటివి ఉంటాయి. ధరలు తరచూ మారుతుంటాయి కనుక అంకెను గీతగా కాక సూచనగానే తీసుకోవాలి. జీ29 పంటి చక్రాలతో పనిచేస్తుంది. శబ్దం చేస్తుంది, కానీ మన్నుతుంది. కొనేముందు ఇంట్లో ఉన్న యంత్రాన్ని చూసుకోవడం తప్పనిసరి. జీ29 ప్లేస్టేషన్‌కు, కంప్యూటరుకు పనికివస్తుంది. ఎక్స్‌బాక్స్ ఉన్నవారు జీ920 తీసుకోవాలి. ఈ స్థాయిలో అదనంగా పెట్టాల్సిన ఖర్చు స్వల్పం. చక్రాల కుర్చీ మానేసి కదలని కుర్చీ వేసుకోవాలి. పెడల్స్ వెనక్కి జారకుండా గోడకూ వాటికీ మధ్య ఒక చెక్క పట్టీ అడ్డుపెట్టాలి. బ్రేకు తొక్కిన ప్రతిసారీ కుర్చీ వెనక్కి వెళితే ఎంత ఖరీదైన పెడల్ ఉన్నా ఫలితం శూన్యం.

60 వేలు దాటాక డైరెక్ట్ డ్రైవ్ స్టీరింగ్‌లు అందుబాటులోకి వస్తాయి. వీటిలో బెల్టు గానీ పంటి చక్రాలు గానీ ఉండవు. మోటారు ఇరుసుకే స్టీరింగ్ బిగించి ఉంటుంది. ఆ బలానికి చదువుకునే బల్ల ఊగిపోతుంది. కాబట్టి లక్ష రూపాయల బడ్జెట్ ఉన్నవారు అందులో గట్టి చట్రానికీ లోడ్ సెల్ బ్రేకుకూ ముందే వాటా తీసిపెట్టుకోవాలి. మోజా ఆర్5 ప్లేస్టేషన్‌పై పనిచేయదన్న సంగతి కూడా చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. లక్షన్నర, రెండు లక్షలపై మాటల్లో పెరిగేది సుఖం, నునుపు; నేర్చుకునే వేగం ఆ నిష్పత్తిలో పెరగదు.

విదేశీ సమీక్షలేవీ పట్టించుకోని సమస్య ఒకటుంది: ఉప్పుగాలి. ఏటా ఆడి మాసంలో సెంగళునీర్ అమ్మన్ రథోత్సవంతో వార్తల్లోకి వచ్చే వీరాంపట్టినం సముద్రపు ఒడ్డునే ఉన్న మత్స్యకార గ్రామం. పడవ ఇంజన్లకు ఉప్పు చేసే హాని అక్కడివారికి చెప్పనవసరం లేదు. ఇంట్లోని ఎలక్ట్రానిక్ పరికరాలకూ అదే ముప్పు. చౌక పెడల్స్‌లో ఉండే పొటెన్షియోమీటరులో లోహపు స్పర్శ ఉంటుంది. అది మసకబారితే పాత రేడియో మీట గరగరమన్నట్లే తెరపై బ్రేకు తనంతట తానే వణుకుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లలో స్పర్శ లేదు కనుక ఆ జబ్బు ఉండదు. థ్రస్ట్‌మాస్టర్ టీ-ఎల్‌సీఎం పెడల్స్‌లో బ్రేకుకు లోడ్ సెల్, మిగతా రెండింటికి అయస్కాంత సెన్సర్లు ఉన్నాయి. తీరప్రాంతానికి ఈ కూర్పు అనువైనది. ఇనుప స్క్వేర్ పైపుతో స్థానిక వెల్డింగ్ దుకాణంలో చేయించే చట్రం చౌకే గానీ, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన రంగు వేయకుంటే త్వరలోనే తుప్పు పడుతుంది. అల్యూమినియం చట్రానికి ఆ బెడద తక్కువ. దాని బోల్టులకు మాత్రం ఉంటుంది. వాడనప్పుడు గుడ్డ కప్పి ఉంచడం, కిటికీకి ఎదురుగా పెట్టకపోవడం ఖర్చులేని రక్షణ. యానాం, ఉప్పాడ, భీమిలి వాసులకూ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి.

తెర విషయంలో పెద్దదే మంచిదన్న నమ్మకం లెక్కకు నిలవదు. 27 అంగుళాల మానిటర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు. దాన్ని కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే చూపులో సుమారు 53 డిగ్రీలు ఆక్రమిస్తుంది. 55 అంగుళాల టీవీ 2 మీటర్ల దూరంలో ఉంటే ఆక్రమించేది 34 డిగ్రీలే. స్టీరింగ్ వెనుక, కంటికి దగ్గరగా పెట్టిన చిన్న తెరపైనే దూరాలూ వేగమూ వాస్తవానికి చేరువగా కనిపిస్తాయి. ఆటలోని దృశ్య కోణాన్ని కూడా ఈ లెక్కకు తగ్గట్టు మార్చుకోవాలి. టీవీయే వాడితే గేమ్ మోడ్ పెట్టడం మరవరాదు.

పిల్లల కోసం కొనే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న వేరు: దీనితో భవిష్యత్తు ఉందా? బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో జీటీ అకాడమీ పోటీ గెలిచి, 2013లో లె మాన్స్ 24 గంటల పందెంలో నిజమైన కారు నడిపాడు. 2023 నాటి ‘గ్రాన్ టురిస్మో’ చిత్రం ఆయన కథే. ఆ అకాడమీ 2014లో భారత్ నుంచి కూడా పోటీదారులను తీసుకుంది. 2016 తర్వాత అది లేదు. ఆ ఆశతో అప్పు చేసి పరికరాలు కొనడం సరికాదు. వాడిన జీ29 కొని ఏడాది నడిపి, చాలదనిపిస్తే ముందు పెడల్స్ మార్చుకోవచ్చు. అయితే జీ29 స్టీరింగ్‌కు వేరే కంపెనీ పెడల్స్ నేరుగా కలవవు. కంప్యూటరుపై వాటిని విడి యూఎస్‌బీ తీగతో కలపవచ్చు. ప్లేస్టేషన్‌పై ఆ వీలు సాధారణంగా ఉండదు.