వరద నీళ్లలో విషవాయువు వస్తే..?

*పెన్నా పొంగిన రాత్రే జాతీయ రహదారి మీద ట్యాంకరు బోల్తా పడితే బుచ్చిరెడ్డిపాలెం ఎటు కదలాలి? ఆ జవాబు కలెక్టరేటు ఫైల్లో ఉంటే చాలదు. ఊరి గోడ మీద, ఊరి మనుషుల నోట ఉండాలి.*

2021 నవంబరు 19. కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరంతా పెన్నాలో కలిసి సోమశిల మీదికి వచ్చింది. 78 టీఎంసీల జలాశయం అప్పటికే నిండి ఉంది. 5 లక్షల క్యూసెక్కులకు పైగా దిగువకు వదలక తప్పలేదు.

‘గేట్లెత్తేశారంట’ అన్న మాట చేరేలోపే పెన్నా ఒడ్డు ఊళ్లను నీళ్లు చుట్టేశాయి. బుచ్చి మండలం దామరమడుగు దగ్గర జనాన్ని కాపాడటానికి వెళ్లిన రాష్ట్ర విపత్తు స్పందన దళం (ఎస్‌డీఆర్‌ఎఫ్) కానిస్టేబుల్ ఒకరు ఆ వరదలోనే ప్రాణాలు విడిచారు. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగింది. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. చెన్నై, విజయవాడల మధ్య రాకపోకలు స్తంభించాయి.

ఆ రాత్రి మనకు ఒక్క ఆపదే వచ్చింది. దానితోపాటు ఇంకొకటి కూడా వచ్చి ఉంటే? ఈ కథనం అడిగే ప్రశ్న అదే.

రోడ్డు మోసుకొచ్చే ప్రమాదం

బుచ్చిలో పెద్ద రసాయన కర్మాగారాలు లేవు. చుట్టూ వరి కయ్యలు, పక్కనే కనిగిరి రిజర్వాయరు, ఊళ్లో కోదండరాముడి గుడి, రోడ్డు వెంబడి రైసు మిల్లులు. ‘మనకెందుకు గ్యాసు భయం’ అనుకోవడం సహజం. కానీ ఊరి మీదుగా వెళ్లేది 67వ నంబరు జాతీయ రహదారి. పెద్దలు ఇప్పటికీ ముంబయి రోడ్డు అంటారు. కృష్ణపట్నం పోర్టు దగ్గర మొదలై నెల్లూరు, బుచ్చి, సంగం, ఆత్మకూరు, బద్వేలు మీదుగా కర్ణాటకకు పోతుంది. ఇలాంటి దారి మీద బస్సులూ ట్రాక్టర్లూ తిరిగినట్టే ఇంధనం, గ్యాసు, ఆమ్లాలు మోసే ట్యాంకర్లూ తిరుగుతాయి.

2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్ శివార్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. రోడ్డు మీద మలుపు తిరుగుతున్న ఎల్‌పీజీ ట్యాంకరును లారీ గుద్దింది. ట్యాంకరు వాల్వులు విరిగి గ్యాసు రోడ్డంతా పరుచుకుంది. నిప్పంటుకోగానే వెనక ఆగిన బస్సు, లారీలు, కార్లు కాలిపోయాయి. చనిపోయినవారిలో చాలామందికి ఆ సరుకుతో ఏ సంబంధమూ లేదు. దారిన పోతున్నవాళ్లే.

ప్రమాదకర సరుకు మోసే ప్రతి వాహనానికీ పక్కలా వెనకా హెచ్చరిక పలక ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. సరుకు పేరు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల సంఖ్య, అత్యవసర ఫోను నంబరు దాని మీద రాసి ఉంటాయి. అమోనియాకు 1005, క్లోరిన్‌కు 1017, ఎల్‌పీజీకి 1075, పెట్రోలుకు 1203, సల్ఫ్యూరిక్ ఆమ్లానికి 1830. రోడ్డు పక్క టీకొట్టు నడిపే మనిషి, బంకులో పనిచేసే కుర్రాడు ఆ అంకెను దూరం నుంచే చదివి 112కు చెప్పగలిగితే, వచ్చే ఫైరింజను సరైన సామగ్రితో వస్తుంది. ‘ఏదో లారీ పడిపోయింది’ అని మాత్రమే చెబితే అదీ ఉత్త నీళ్లతోనే రావచ్చు.

గోదాములో నిద్రపోతున్న ప్రమాదం

రెండో ప్రమాదం ఊళ్లోనే ఉంది. ధాన్యం నిల్వచేసే చోట పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వాడతారు. గాలిలోని తేమకే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. పురుగును చంపేది అదే, మనిషిని చంపేదీ అదే. వరద నీళ్లు గోదాములోకి దూరి ఆ డబ్బాలను తడిపితే ఒక్కసారిగా వాయువు పుట్టుకొస్తుంది. దానంతటదే అంటుకునే ప్రమాదమూ ఉంది.

వెల్డింగు షాపులో కాల్షియం కార్బైడ్ తడిస్తే ఎసిటిలీన్ వస్తుంది. బ్లీచింగ్ పౌడరు పక్కన ఆమ్లం ఒలికితే క్లోరిన్ వస్తుంది. పురుగుమందుల అంగట్లో కింది అరల్లోని డబ్బాలు మునిగితే ఆ మందు వీధి నీళ్లలో కలిసి, మర్నాడు ఇళ్లు కడుక్కునేవాళ్ల ఒంటికి అంటుతుంది. ఒక అంగట్లో ఉండే సరుకు కొద్దిదే. ఊరంతటిదీ కలిపి చూస్తే కొద్దిది కాదు. ఏది ఎక్కడుందో ఒకే కాగితం మీద రాసిపెట్టుకున్న ఊళ్లు అరుదు.

రెండూ కలిసి వచ్చిన చోట్లు

ఇదంతా ఊహ అనుకునేవాళ్ల కోసం రెండు ఉదాహరణలు. 2017లో హార్వీ తుపాను అమెరికాలో టెక్సస్‌ను ముంచెత్తినప్పుడు క్రాస్బీ అనే చిన్న ఊళ్లో రసాయన కర్మాగారానికి కరెంటు పోయింది. జనరేటర్లూ మునిగాయి. చల్లగా ఉంచాల్సిన ఆర్గానిక్ పెరాక్సైడ్లు వేడెక్కి మండిపోయాయి. చుట్టూ మైలున్నర మేర జనాన్ని వరదలోనే ఖాళీ చేయించారు.

మనకు దగ్గరలోనే, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వర్షాలకు చెన్నై ఎన్నూరు వాగులోకి వరదతోపాటు చమురు చేరి మత్స్యకారుల వలలను, పడవలను నల్లగా పూసేసింది. అదే నెల 26 రాత్రి అక్కడే సముద్రపు పైపులైను నుంచి అమోనియా లీకైంది. ఊపిరాడక జనం అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికి వచ్చారు. ఎటు పోవాలో వాళ్లకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి 12 మందిని బలిగొన్నప్పుడూ సైరన్లు ఉండి కూడా మోగలేదు.

చట్టం ఉంది, ఊరి దాకా రాలేదు

1984 డిసెంబరు భోపాల్ విషాదం తర్వాత ప్రపంచమంతా చట్టాలు రాసుకుంది. అమెరికా 1986లోనే స్థానిక అత్యవసర ప్రణాళికా సంఘాలను తప్పనిసరి చేసింది. ఎవరి దగ్గర ఏ రసాయనం ఎంత ఉందో తెలుసుకునే హక్కు జనానికి ఇచ్చింది. మన దేశంలో 1989 నియమాలు కర్మాగారం లోపలి ప్రణాళికను యజమానికి, బయటి ప్రణాళికను జిల్లా యంత్రాంగానికి అప్పగించాయి. 1996 నియమాలు రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయుల్లో సంక్షోభ బృందాలను ఏర్పాటు చేయమన్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థను పెట్టింది.

ఈ నియమాల చూపు పెద్ద కర్మాగారాల మీద, పారిశ్రామికవాడల మీద ఉంది. ప్రమాదం చక్రాల మీద వచ్చే ఊరు, చిన్న చిన్న గోదాముల్లో దాగిన ఊరు వాటి కంట పడటం కష్టం. జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) పదో బెటాలియన్ కేంద్రం విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. రోడ్డు తెగిన రాత్రి వాళ్లు ఎంత వేగంగా బయల్దేరినా మొదటి గంటలు మనవే. ఆ గంటల్లో పనికొచ్చేది ఊరు ముందే రాసుకున్న ప్రణాళిక ఒక్కటే.

బుచ్చి ప్రణాళికలో ఏముండాలి?

*సరుకు పట్టిక:* మిల్లులు, గోదాములు, ఎరువుల, పురుగుమందుల అంగళ్లు, గ్యాసు ఏజెన్సీ, బంకులు, వెల్డింగు షాపులు, క్లోరిన్ వాడే నీటి శుద్ధి కేంద్రాలు: ఏ సరుకు, ఎంత, నేల నుంచి ఎంత ఎత్తులో. ఏటా సెప్టెంబరులో సరిచూడాలి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. తుపాను హెచ్చరిక రాగానే తడిస్తే ప్రమాదమయ్యే సరుకును పై అరల్లోకి, మేడ మీదికి చేర్చే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయాలి.

*గాలి లెక్క:* విషవాయువు లీకైతే గాలికి అడ్డంగా నడిచి దాని దారి నుంచి తప్పుకోవాలి. తుపాను మనకు దక్షిణాన తీరం దాటితే గాలి తూర్పు దిక్కు నుంచి వీస్తుంది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటిన పెనుతుపానులా ఉత్తరాన దాటితే పడమటి దిక్కు నుంచి వీస్తుంది. అందుకని ఒక్క దారి చాలదు. రెండు దిక్కులకూ రెండు దారులు, రెండు పునరావాస కేంద్రాలు గుర్తించాలి. పెన్నా వైపు, మలిదేవి డ్రెయిన్ వైపు మునిగే దారులను ఆ జాబితా నుంచి ముందే కొట్టేయాలి.

*వాయువును బట్టి జాగ్రత్త:* క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, పల్లంలో పేరుకుంటుంది, మేడ ఎక్కాలి. అమోనియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. ఎల్‌పీజీ కాలవల వెంట నేలబారున పాకుతుంది. స్విచ్చి వేయకూడదు, తీయకూడదు, బండి స్టార్టు చేయకూడదు. కదలడానికి వీల్లేకపోతే తలుపులు మూసి, సందుల్లో తడిగుడ్డలు దోపి లోపలే ఉండాలి.

*చాటింపు:* కరెంటు, సెల్ టవరు రెండూ పోతాయన్న లెక్కతోనే రాయాలి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట, బ్యాటరీతో నడిచే చేతి మైకులు సిద్ధంగా ఉండాలి. వరదకు ఒక రకం సైరను, వాయువుకు వేరే రకం. వరద వస్తే మిట్టకు పోవాలి, వాయువు వస్తే చాలాసార్లు ఇంట్లోనే ఉండాలి. రెంటికీ ఒకే మోత మోగిస్తే జనం తప్పు దారి పడతారు.

*మనుషులు:* ఒంటరి వృద్ధులు, మంచం పట్టినవాళ్లు, నిండు గర్భిణులు ఏ వీధిలో ఉన్నారో ఆశా కార్యకర్తకు, వార్డు సచివాలయ సిబ్బందికి తెలుసు. ఆ జాబితా వాళ్ల ఫోన్లలో ఉంటే చాలదు, కాగితం మీద ఉండాలి. 112, 108, 101, జిల్లా విపత్తు కేంద్రం 1077 నంబర్లు ప్రతి అంగడి గోడ మీదా కనిపించాలి.

ఎవరు మొదలుపెట్టాలి?

నగర పంచాయతీయే. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సహాయ సామగ్రిని సిద్ధంగా ఉంచడం స్థానిక సంస్థల విధి అని 2005 చట్టం 41వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. కోట్ల ఖర్చు అక్కర్లేదు. కౌన్సిల్లో ఒక తీర్మానం, మిల్లు యజమానులు, అంగళ్లవాళ్లు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, ప్రభుత్వ వైద్యులు, తహసీల్దారు కూర్చునే ఒక సమావేశం, నాలుగు పేజీల కాగితం, ఏడాదికొక మాక్ డ్రిల్. కాగితం ఎంత బాగున్నా డ్రిల్ చేయకపోతే లేనట్టే. ఎవరి ఫోను పలకదో, ఏ తాళంచెవి ఎవరి దగ్గరుందో అప్పుడే తేలుతుంది.

దామరమడుగు వరదలో ప్రాణమిచ్చిన ఆ కానిస్టేబుల్ మన మనుషుల కోసం వేరే ఊరి నుంచి వచ్చారు. ఆయనకు మనం తీర్చగల రుణం ఒక్కటే. ఈసారి కాపాడటానికి వచ్చేవాళ్లకు ఏ సరుకు ఎక్కడుందో, జనం ఎక్కడున్నారో, దారి ఎటో చెప్పగలిగే ఊరుగా బుచ్చి తయారవ్వాలి. ఆ నాలుగు పేజీల కోసం ఈ సెప్టెంబరులోపే మన కౌన్సిలర్లను అడుగుదాం.