"ఏంజెలా ఉందా?"

ఈ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు ఉత్తరం పంపినప్పుడు, పాత విద్యార్థిని గనుక హాస్టలు మెస్సు గురించో, అప్పటి ఎన్నికల గురించో రాస్తాననుకొని ఉంటారు. అవి నాకంటే బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయదలచింది బార్లలో, రెస్టారెంట్లలో ఆడపిల్లలకు ఎదురయ్యే వేధింపుల గురించి. "కాలేజీ సావనీరులో బార్ల గొడవ ఏమిటయ్యా?" అని మా గురువుగార్లు కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని మన దగ్గర డిగ్రీ పుచ్చుకొని విదేశాలకు పై చదువులకు వెళ్ళే పిల్లల్లో ఎంతోమంది ఖర్చుల కోసం పార్ట్‌టైము పనికి చేరేది ఇటువంటి చోట్లనే. నేనూ అలా చేరినవాడినే.

2018లో ఇంగ్లండులో ఎం.ఎస్సీ. చదువుతూ ఒక బారులో గ్లాసులు కడిగే పనికి కుదిరాను. కొన్నాళ్ళకు కౌంటరులో నిలబెట్టారు. ఒక శనివారం రాత్రి ఊపిరి సలపని రద్దీలో ఒక అమ్మాయి వచ్చి, "ఏంజెలా ఉందా?" అని అడిగింది. "ఆ పేరు గలవాళ్ళెవరూ ఇక్కడ పని చెయ్యరండీ" అన్నాను మర్యాదగానే. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూచి తన బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళింది. అక్కడున్న మనిషి లేచి కోటు అందించాడు. ఇద్దరూ బయటికి పోయారు. బారు మూసేశాక నేల తుడుస్తూ ఆడవాళ్ళ టాయిలెట్టు తలుపు వెనకాల అంటించిన పోస్టరు చదివాను. అంతవరకూ ఆ పోస్టరు ఉందనే నాకు తెలియదు.

ఆ పోస్టరు కథ 2016లో ఇంగ్లండులోని లింకన్‌షైరులో మొదలయింది. మీతో వచ్చిన మనిషి వల్ల భయంగా ఉంటే కౌంటరు దగ్గరికి వెళ్ళి "ఏంజెలా ఉందా?" అని అడగండి, అక్కడివాళ్ళు మిగతాది చూసుకొంటారు — అదీ దాని సారాంశం. పక్కనే కూర్చున్నవాడికి వినపడేట్టు "వీడు నన్ను బాధపెడుతున్నాడు" అనడం ఎంత కష్టమో ఆడపిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. అందుకని ఈ మారుమాట పెట్టారు. చూడబోతే చాలా తేలికైన ఉపాయం. చిక్కల్లా ఒకటే: మారుమాట ఇద్దరికీ తెలియాలి. అడిగే మనిషికి పోస్టరు చెపుతుంది. వినే మనిషికి ఎవరు చెప్పాలి? మర్నాడు మేనేజరును అడిగితే, "పోస్టర్లు వచ్చాయి, అంటించాం" అన్నాడు. 2024లో బి.బి.సి. విలేఖరులు లండనులో 25 చోట్లకు వెళ్ళి ఇదే ప్రశ్న వేస్తే సగానికి పైగా చోట్ల పనివాళ్ళకు అర్థమే కాలేదట. నా వంటి వెర్రివాళ్ళు చాలామంది ఉన్నారన్నమాట. అది చదివితే ఓదార్పు కలగలేదు సరిగదా, మరింత దిగులు వేసింది.

ఇంతకీ నేను చెయ్యవలసింది ఏమిటి? తరువాత నేర్పారు. "ఉంది, లోపలికి రండి" అని ఆమెను స్టాఫు గదిలోకి తీసుకుపోవాలి. టాక్సీ పిలవాలో, స్నేహితురాలికి ఫోను చెయ్యాలో, పోలీసులకు చెప్పాలో ఆమెనే అడగాలి. ఆమె వెళ్ళేదాకా ఒంటరిగా వదలకూడదు. అడగకపోయినా, ఒక బల్ల దగ్గర వ్యవహారం తేడాగా కనిపిస్తే మొదట దృష్టి మరల్చమంటారు. "అమ్మా, మీ బిల్లులో ఏదో పొరపాటు వచ్చింది, ఒకసారి కౌంటరుకు వస్తారా?" అంటే చాలు. గొడవ లేకుండా ఆమెకు ఒక నిమిషం చిక్కుతుంది. మన వల్ల కాకపోతే మేనేజరుకో, గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతనికో చెప్పాలి. టైము రాసిపెట్టుకోవాలి, సి.సి. కెమెరా రికార్డు చెరిగిపోకముందే భద్రం చేయించాలి. సినిమా హీరో లాగా కాలరు పట్టుకోవడం అన్నిటికన్నా ఆఖరు మాట. ఆ కోపం తరువాత ఆమె మీదనే తీరుతుంది గనుక.

స్పెయినులో బార్సిలోనా నగరం వారు 2018లో నైట్‌క్లబ్బుల కోసం ఒక పద్ధతి రాసుకొన్నారు. పేరు "నో కల్యెమ్". నోరు మూసుకోము అని అర్థం. తప్పు చేసినవాడి వెంట పరుగెత్తడం కన్నా దెబ్బ తిన్న మనిషిని చూసుకోవడం ముందు, ఏం చెయ్యాలన్న నిర్ణయం ఆమెదే అంటుంది అది. నాకు నచ్చిన మాట ఇది.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి. మనం బారు అనగానే వచ్చే ఆడవాళ్ళ గురించే ఆలోచిస్తాం. వడ్డించే ఆడవాళ్ళను మరచిపోతాం. నాతో పని చేసిన ఒక పోలండు అమ్మాయి, బల్ల దగ్గర వంగినప్పుడల్లా నడుం మీద చెయ్యి వేసే ఒక ముసలాయనను నవ్వుతూనే తప్పించుకొనేది. "టిప్పు బాగా ఇస్తాడు మరి" అనేది. అద్దె కట్టాలి కదా! మన వైపూ "కస్టమరే దేవుడు, సర్దుకుపోమ్మా" అనే యజమానులకు కొదవ లేదు.

మన చట్టం మాత్రం సర్దుకుపొమ్మనదు. మద్యం అమ్మేచోట ఆడవాళ్ళు పని చెయ్యకూడదని 1914 నాటి పంజాబు ఎక్సైజు చట్టంలో ఒక సెక్షను ఉండేది. ఢిల్లీలో అది అమలయ్యేది. వాళ్ళ క్షేమం కోసమేనని వాదన. 2007లో అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. రక్షణ పేరుతో ఆమె ఉద్యోగం తీసివేయడం కాదు, ఆమె నిర్భయంగా పని చేసుకొనే ఏర్పాట్లు చెయ్యండి అన్నది ఆ తీర్పు సారం. 2013 నాటి పనిచోట్ల లైంగిక వేధింపుల చట్టం ఇంకొక అడుగు వేసింది. అక్కడికి వచ్చిపోయే బయటివారి నుంచి కూడా, అంటే కస్టమర్ల నుంచి కూడా, రక్షణ కల్పించడం యజమాని విధి. 10 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న హోటలైతే జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. జరిగిన 3 నెలల లోపల ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణముంటే మరో 3 నెలలు పొడిగిస్తారు. ఇష్టం లేకుండా మీద చెయ్యి వేయడం 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షను కింద నేరం, 3 ఏళ్ళ దాకా జైలు. వెకిలి మాటలకు 1 సంవత్సరం దాకా. బ్రిటనులోనూ 2024 అక్టోబరు 26 నుంచి, వేధింపు జరగకముందే నివారించే చర్యలు తీసుకోవడం యజమాని బాధ్యత అయింది.

మా బారులో ఆ తరువాతి వారం అరగంట సేపు అందరికీ నేర్పించారు. నేను ఉన్న మిగతా నెలల్లో ఏంజెలాను మళ్ళీ ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి కూడా మళ్ళీ కనిపించలేదు.

ఈ ఏడు బయలుదేరుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క మాట. పనిలో చేరిన మొదటి రోజున జీతం ఎంతో అందరం అడుగుతాం. దానితోపాటు, గోడల మీద ఏ పోస్టర్లు ఉన్నాయి, వాటికి నేను ఏమని బదులు చెప్పాలి, రాత్రి పూట మేనేజరు లేకపోతే ఎవరిని పిలవాలి అనేవి కూడా అడిగి రాసుకోండి.