భీమునిపట్టణమునుండి ఎఱ్ఱమట్టిదిబ్బల తీరమునకు



విశాఖపట్టణమునకు ఈశాన్యముగా, గోస్తనీనది సముద్రమున గలియుచోట భీమునిపట్టణము కలదు. అచ్చటి ఒలందావారి గోరీలను గూర్చియు, పావురాలకొండమీది బౌద్ధశిథిలములను గూర్చియు చెప్పినవారు పెక్కురు. నేను చెప్పబోవునది ఆ యూరినుండి తీరము వెంబడి దక్షిణముగా ఎఱ్ఱమట్టిదిబ్బలవఱకు సాగు నడకను గూర్చి. దూరము సుమారు 4 కిలోమీటర్లే యైనను దీనికొక పగలు కేటాయింపవలెను.

బయలుదేరుటకు ముందు పంచాంగము చూడుడు. సముద్రము దినమునకు రెండుమార్లు పొంగి రెండుమార్లు వెనుదీయును. పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రుల యాకర్షణ లొక్కవరుస నుండుటచే పోటు హెచ్చు; అష్టమినాటికి తగ్గును. పోటువేళ దినదినమును సుమారు 50 నిమిషములు, అనగా రెండు గడియలకు కొంచె మెక్కువగా, వెనుకకు జరుగును. కావున నేటి పోటువేళను జాలరి నొకని నడిగి తెలిసికొన్నచో నాలుగుదినముల పిమ్మటి వేళను మనమే గణింపవచ్చును. తిథివారములు చూచుటలో చేయితిరిగిన పెద్దలకిది యొక లెక్కయా?

ఆటు మొదలైన పిదప నడువవలెను. అప్పుడు తడియిసుక గట్టిగా నుండి పాదము దిగబడదు. రేణువుల నడుమ నిలిచిన నీరే వానిని బిగబట్టును. పొడియిసుకలో నడక రెట్టింపు శ్రమ.

ఎడమచేత సముద్రము, కుడిచేత సరుగుడుచెట్లు, తాళ్లు. ఇసుకపై బాలబందతీగ ప్రాకియుండును. మన యడుగుల సడికి ఎండ్రకాయలు బొరియలలో దూరును. ఊరి సద్దణగిన పిమ్మట ఎఱ్ఱని దిబ్బలు కానవచ్చును. ఇవియన్నియు ఇసుకయే. వేలకొలది యేండ్లక్రిందట, భూమి మిక్కిలి చల్లబడిన కాలమున, నీరు మంచుగా గడ్డకట్టుటచే సముద్రము నేటికంటె 100 మీటర్లకు పైగా దిగువకు పోయెను. అప్పుడు బయటపడిన యిసుకను గాలులు మోసికొనివచ్చి పోసినవని శాస్త్రజ్ఞుల మతము. ఇసుకలోని ఖనిజములయందలి యినుము గాలికిని నీటికిని త్రుప్పుపట్టి ప్రతిరేణువునకును ఎఱ్ఱని పూత యయ్యెను. వాననీరు కోసిన గెడ్డలు వీనిని లోతుగా చీల్చినవి. చేతితో రాచిన రాలిపోవు మట్టి యిది. దీనిపై పేర్లు చెక్కువారిని నేను సహింపజాలను.

దిబ్బలక్రింది తీరము నిర్జనము. ఇచ్చట నొక్కమాట వినవలెను. విశాఖతీరమున స్నానమునకు దిగిన యువకులు మునిగిపోవుట ఏటేట వినుచున్నాము. ఒడ్డునకు వచ్చిన తరంగముల నీరు ఒక్కొక్కచోట ఇఱుకుదారిగా చేరి వేగముగా లోపలికి పోవును. అచ్చట తరంగములు విఱుగవు. నీరు ప్రశాంతముగా, కొంచెము నల్లగా, నుఱుగు లోపలికి కొట్టుకొనిపోవుచు కనబడును. ఆ ప్రశాంతతను చూచియే అమాయకులు అందు దిగుదురు. చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీదినచో గజయీతగాడైనను అలసిపోవును. వాడు తేలియుండి, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. ప్రవాహము వెడల్పు స్వల్పము గనుక దానిని దాటి, తరంగములు విఱుగుచోటినుండి ఒడ్డు చేరవచ్చును. చూచువారు వెంటనే నీటిలో దూకరాదు. త్రాడుగాని, మూత బిగించిన ఖాళీడబ్బాగాని, మన పల్లెలలో ఈత నేర్పు సొరకాయబుఱ్ఱగాని విసరవలెను. తోడుపోవు పెద్దలు ఈ మాట పిల్లలకు ఒడ్డుననే చెప్పి, త్రాడు వెంట నుంచుకొనవలెను.

త్రాగునీరును, తలకు గుడ్డయు మఱువకుడు. పోటు మరల పొంగుటకు ముందే వెనుకకు తిరుగవలెను. ఆలస్యమైనచో ఇసుకను విడిచి పైనున్న రహదారి నెక్కి భీమునిపట్టణము చేరుట మేలు.